ఒక గొడుగు - రెండు ఉపగ్రహాలు

"వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరఫున మీరూ ఏదైనా రాయండి" అని వార్డెన్ సారు అడిగిన రోజు మేము చాలాసేపు ఆలోచించాం. కవిత రాయడం మాకు చేతకాదు. కథ అల్లడం అంతకన్నా రాదు. అన్నం గంట, ట్రంకు పెట్టెలు, ఆదివారం కోడికూర, స్టడీ అవర్‌లో కునికిపాట్లు - వీటి గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు మాకన్నా బాగానే రాస్తున్నారు. అందుకని మాకు నిజంగా తెలిసిన ఒక్క సంగతి రాద్దామనుకున్నాం. అది టీవీ డిష్ సంగతి. మా వాడలో అందరూ దాన్ని గొడుగు అనే అంటారు కాబట్టి ఇక్కడ కూడా గొడుగు అనే రాస్తున్నాం.

మేము అంటే ముగ్గురం. ఒకే వాడ వాళ్లం. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా, అంటే 2018 వరకు, ఈ హాస్టల్‌లో ఒకే గదిలో ఉన్నాం. ఇది రాస్తున్న చెయ్యి ఒకరిదే అయినా మాట ముగ్గురిదీ.

మా కాలంలో హాస్టల్ డాబా మీద ఒక గొడుగు ఉండేది. గాలివాన వచ్చిన మర్నాడు టీవీలో బొమ్మ రాకపోతే వాచ్‌మన్ తాత మమ్మల్నే పిలిచేవాడు. ఒకడు డాబా మీద, ఒకడు మెట్ల మీద, ఒకడు టీవీ ముందు. "వచ్చిందా?" "రాలే!" "ఇప్పుడో?" "వచ్చింది... పోయింది... ఆగరా, అక్కడే పట్టుకో!" ఇదీ మా ఇంజనీరింగు. ఎటు తిప్పితే వస్తుందో చేతికి తెలిసేది గానీ, ఎందుకు వస్తుందో బుర్రకు తెలిసేది కాదు. ఆ ఎందుకు అన్నది తెలుసుకోవాల్సిన అవసరం 2020లో వచ్చి పడింది.

ఆ ఏడాది మార్చిలో కరోనా వల్ల బడులూ హాస్టళ్లూ మూతపడ్డాయి. హాస్టల్ పిల్లలందరూ పెట్టెలు సర్దుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. మేము అప్పుడే ఇంటర్ పూర్తి చేసి ఊళ్లో ఉన్నాం. మా వాడలో బడికి వెళ్లే పిల్లలు తొమ్మిది మంది. అందులో ఐదుగురు హాస్టళ్లలో చదివేవాళ్లే. మా ముగ్గురిలో ఒకరి చెల్లె అప్పుడు ఐదో తరగతి. హాస్టల్‌లో ఉన్నప్పుడు సాయంత్రం ట్యూటర్ ఉండేవాడు, పక్కన తోటివాళ్లు ఉండేవాళ్లు. ఇంటికొస్తే పుస్తకం తెరిచి ఇది ఇట్లా అని చెప్పే పెద్దవాళ్లు ఆ వాడలో ఒక్క ఇంట్లోనూ లేరు. మా అమ్మానాన్నలు పొద్దున్నే పనికి పోతే పొద్దుగూకి వచ్చేవాళ్లు. జూలై వచ్చేసరికి పిల్లలు పత్తి చేలల్లో కలుపు తీయడానికి పోవడం మొదలుపెట్టారు. చెల్లె ఎక్కాలు మరిచిపోతున్నదని మేము గమనించాం. మొదట పన్నెండో ఎక్కం, తరవాత ఎనిమిదోది.

2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో టీవీ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. కొన్ని తరగతుల పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, కొన్ని టీశాట్‌లో. మాలో ఒకరి ఇంట్లో టీవీ ఉంది. దానికి డీడీ ఫ్రీ డిష్ గొడుగు ఉంది. ఒక్కసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా డబ్బు కట్టే పని లేదని బాపు దాన్ని పెట్టించాడు. అందులో యాదగిరి వచ్చేది. పదో తరగతి తమ్ముడూ, ఇంకో ముగ్గురు పెద్ద పిల్లలూ నోటు పుస్తకాలతో వచ్చి అరుగు మీద దూరం దూరంగా కూర్చునేవాళ్లు. కానీ చెల్లె పాఠాలూ, మిగతా చిన్నపిల్లల పాఠాలూ టీశాట్ వంతుకు వచ్చాయి. మా డబ్బాలో ఆ ఛానల్ లేదు. కేబుల్ వైరు మా వాడ దాకా రాలేదు. ఫోన్‌లో చూడొచ్చు అన్నారు నిజమే గానీ, తొమ్మిది మంది పిల్లలకు పనికొచ్చే ఫోన్లు రెండు. వాటికి సిగ్నల్ రావాలంటే ఊరి చెరువు కట్ట ఎక్కాలి.

"టీశాట్ కూడా ఉపగ్రహం నుంచే వస్తుంది కదా. మన గొడుగు ఉపగ్రహాన్నే చూస్తది కదా. కొంచెం తిప్పితే సరిపోతది" అనుకున్నాం. డాబా మీద ఐదేళ్లు పనిచేసిన అనుభవం మాది. మమ్మల్ని ఎవరూ అడ్డుకోలేదు.

మేము చేసిన మొదటి పని అదే, మొదటి తప్పూ అదే. ఒక శుక్రవారం పొద్దున బోల్టులు వదులు చేసి గొడుగును నైరుతి వైపు తిప్పాం. ఏమీ రాలేదు. ఇంకొంచెం తిప్పాం, పైకి లేపాం, కిందికి దించాం. చివరికి విసిగి పాత చోటికే తెద్దామంటే పాత చోటు ఎక్కడో గుర్తు లేదు. కనీసం సున్నపు గీత అయినా గీసుకోలేదు. పదో తరగతి తమ్ముడు లెక్కల పాఠం కోసం వచ్చి నీలం తెర ముందు కూర్చున్నాడు. పాఠం సమయం గడిచిపోయింది. సాయంత్రం ఐదింటికి గానీ యాదగిరి తిరిగి రాలేదు. తమ్ముడి తల్లి, మాకు చిన్నమ్మ అవుతుంది, పని నుంచి వచ్చి విషయం తెలుసుకుని ఒక్కటే మాట అంది. "లేనిదాని కోసం పోయి ఉన్నదాన్ని చెడగొడితిరి గదరా."

ఆ మాట మమ్మల్ని బాగా పొడిచింది. ఆ రాత్రి తమ్ముడికి ఆ లెక్కల పాఠం మేమే కూర్చుని చెప్పాం. తరవాత మా ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం బయటికి తీశాం. ఈసారి తెలుసుకోకుండా బోల్టు ముట్టుకోకూడదని ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం.

పుస్తకంలో చదివిందీ, తరవాత చెరువు కట్ట మీద ఫోన్‌లో వెతికి తెలుసుకున్నదీ ఇక్కడ తేలిక మాటల్లో రాస్తాం. తమ్ముళ్లకు ఎప్పుడైనా పనికొస్తుంది.

భూమధ్యరేఖకు పైన దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేంత కాలంలోనే ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే మనకు అది ఆకాశంలో ఒకే చోట ఆగినట్టు ఉంటుంది. గొడుగును ఒక్కసారి బిగించి వదిలేయగలుగుతున్నది ఈ కారణం వల్లనే. ఇట్లాంటి ఉపగ్రహాలన్నీ ఒకే వరసలో, దండలో పూసల్లా ఉంటాయి. ఏది ఎక్కడుందో రేఖాంశంతో చెబుతారు. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. దాన్ని 2015 నవంబర్ 11న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్‌తో పంపారు. టీశాట్ అప్పట్లో జీశాట్-8 నుంచి వచ్చేది. 2011 మే 21న అదే కౌరూ నుంచి వెళ్లిన ఆ ఉపగ్రహం 55 డిగ్రీల దగ్గర ఉంది. తెలంగాణ రేఖాంశం 78, 79 డిగ్రీల ప్రాంతం. అంటే మనకు ఒకటి ఆగ్నేయ దిక్కున, ఇంకోటి నైరుతి దిక్కున. ఇంటికి రెండు మూలల్లో ఉన్నవాటిని ఒకే గొడుగుతో చూడాలని మేము తిప్పులాడాం అన్నమాట.

ఇక గొడుగు సంగతి. గొడుగు ఒక అద్దం లాంటిది. దూరం నుంచి వచ్చిన తరంగాలన్నిటినీ ఒక్క బిందువు దగ్గరికి చేరుస్తుంది. ముందుకు పొడుచుకు వచ్చిన కమ్మీ చివర, సరిగ్గా ఆ బిందువు దగ్గర, ఒక బుడ్డి లాంటిది ఉంటుంది. దాన్ని ఎల్‌ఎన్‌బీ అంటారు. అసలు వినే చెవి అదే. గొడుగు దానికి అరచెయ్యి అడ్డం పెట్టినట్టు.

ఇక్కడే మాకు ఆశ పుట్టింది. గొడుగు ఒక ఉపగ్రహానికి ఎదురుగా ఉన్నప్పుడు, దాని పక్కన ఉన్న ఉపగ్రహం తరంగాలు కూడా గొడుగు మీద పడుతూనే ఉంటాయి. అవి కూడా ఒక చోట చేరతాయి. కాకపోతే మధ్యలో కాదు, కొంచెం పక్కకి. ఆ పక్క చోట ఇంకో బుడ్డి కడితే గొడుగును ముట్టుకోకుండానే రెండో ఉపగ్రహం దొరుకుతుంది. యూరప్‌లో ఇది మామూలు సంగతి. అక్కడ 19.2 డిగ్రీల దగ్గర ఆస్ట్రా, 13 డిగ్రీల దగ్గర హాట్‌బర్డ్ అనే ఉపగ్రహాలు ఉన్నాయి. ఆ రెండింటి కోసం ఒకే గొడుగు ముందు రెండు చెవులు కలిపి బిగించి ఇళ్ల మీద పెట్టుకుంటారు.

మేమూ ప్రయత్నించాం. మండల కేంద్రంలో డిష్‌లు బాగుచేసే అన్న దగ్గర పాత బుడ్డి ఒకటి అడిగి తెచ్చుకున్నాం. ముందు దగ్గరి ఉపగ్రహంతో పరీక్ష చేద్దామని 83 డిగ్రీల దాన్ని ఎంచుకున్నాం. అది మా గొడుగు చూసే దిక్కుకు పడమటి వైపు ఉంటుంది. అయితే అద్దంలో కుడి ఎడమైనట్టు, పడమటి ఉపగ్రహానికి బుడ్డిని తూర్పు వైపు జరపాలి. అది మొదటి దానికన్నా ఆకాశంలో కొంచెం ఎత్తున ఉంటుంది కాబట్టి బుడ్డిని కొంచెం కిందికి దించాలి. ఈ రెండూ తెలిశాక పని సులువైంది. ఇనుప పట్టీకి బుడ్డిని కట్టి మెల్లమెల్లగా జరిపాం. మధ్య బుడ్డికి సుమారు 9 సెంటీమీటర్ల దూరంలో సిగ్నల్ గీత ఒక్కసారిగా లేచింది. అన్నీ డబ్బు కట్టి చూసే ఛానళ్లు. పేర్లు వచ్చాయి గానీ బొమ్మలు రాలేదు. అయినా మేము గంతులేశాం. గొడుగు కదల్లేదు. కింద అరుగు మీద యాదగిరిలో పాఠం నడుస్తూనే ఉంది. పైన రెండో ఉపగ్రహం మా చేతికి దొరికింది.

ఆ సంతోషంలోనే 55 డిగ్రీల లెక్క వేశాం. లెక్క పూర్తయ్యేసరికి సంతోషం పోయింది.

రేఖాంశాల్లో 93.5కూ 55కూ తేడా 38.5 డిగ్రీలు. మనం ఉన్నది భూమి మధ్యలో కాదు, పైన. అందుకని మన కంటికి ఆ తేడా ఇంకా పెరిగి దాదాపు 45 డిగ్రీలు అవుతుంది. మా గొడుగు కమ్మీ పొడవు 40 సెంటీమీటర్లు. 45 డిగ్రీల పక్కకు అంటే బుడ్డిని కూడా దాదాపు 40 సెంటీమీటర్లు పక్కకు జరపాలి. గొడుగు వెడల్పే 60 సెంటీమీటర్లు. అంటే బుడ్డి గొడుగు అంచు దాటి బయట గాలిలో ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే గొడుగు పళ్లెంలా కాదు, పక్కకు తిప్పిన పళ్లెంలా కనిపిస్తుంది. మధ్య నుంచి పక్కకు పోయే కొద్దీ తరంగాలు ఒక బిందువులో చేరకుండా చెదిరిపోతాయి. పది, పదిహేను డిగ్రీల దాకా మామూలు గొడుగు ఓర్చుకుంటుంది. ఇరవై దాటితే పెద్ద గొడుగు కావాలి. 40 డిగ్రీల మేర చూడగలిగే రెండద్దాల గొడుగులు వేరే ఉన్నాయి గానీ అవి మా వాడకు వచ్చేవి కావు. మా చిన్న గొడుగుతో ఈ పని జరగదు. తిప్పినా జరగదు, బుడ్డి కట్టినా జరగదు.

రెండో గొడుగు కావాలి. కొందామంటే ఆ రోజుల్లో మా ఇళ్లలో కూలి డబ్బు బియ్యానికీ మందులకే సరిపోయేది. బుడ్డి తిరిగి ఇవ్వడానికి మండల కేంద్రానికి పోయినప్పుడు రిపేరు అన్నతో ఈ గోడంతా చెప్పుకున్నాం. ఆయన మా లెక్క కాగితం చూసి నవ్వి, మాటల్లో పాత సంగతి ఒకటి చెప్పాడు. దూరదర్శన్ వాళ్లు 2004 డిసెంబర్ 16న 33 ఛానళ్లతో డీడీ డైరెక్ట్ ప్లస్ మొదలుపెట్టినప్పుడు అది 93.5 నుంచి వచ్చేది కాదట. 95 డిగ్రీల దగ్గర ఎన్‌ఎస్‌ఎస్-6 అనే ఉపగ్రహం నుంచి వచ్చేదట. డిష్ టీవీ కూడా అదే ఉపగ్రహం నుంచి వచ్చేది. "అప్పుడు ఒక గొడుగు పెడితే రెండింటికీ సరిపోయేది తమ్మీ. 2007లో ఇన్సాట్-4బి పైకి పోయినంక దూరదర్శన్ 93.5కు మారింది. ఊరూరా తిరిగి గొడుగులు ఇంత తిప్పినం" అని వేలి గోరు చూపించాడు.

ఆ వేలి గోరు దగ్గరే మాకు దారి దొరికింది. తిరిగి వచ్చేటప్పుడు సైకిళ్లు ఆపి రోడ్డు పక్కనే కాగితం తీశాం. 95కూ 93.5కూ తేడా 1.5 డిగ్రీలు. మన కంటికి 1.7 డిగ్రీలు. 60 సెంటీమీటర్ల గొడుగు ఆ తరంగాలకు దాదాపు 3 డిగ్రీల వెడల్పు మేర చూస్తుంది. అంత దగ్గర ఉన్న రెండింటికి రెండు బుడ్డిలు కట్టలేం, పక్కపక్కన పట్టవు. కట్టాల్సిన పని కూడా లేదు. గొడుగును సరిగ్గా రెండింటి నడుమకు గురి పెడితే ఒక్క బుడ్డే రెండు ఉపగ్రహాలనూ వింటుంది. ఒక్కోటి కొంచెం బలహీనంగా వినబడుతుంది, అంతే.

మా పక్కింటి పెద్దమ్మకు డిష్ టీవీ ఉంది. ఆమె గొడుగు 95 డిగ్రీల వైపు చూస్తుంది. మా గొడుగే ఆమె టీవీకి కూడా పనిచేస్తే ఆమె గొడుగు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన గొడుగును నైరుతికి తిప్పుకోవచ్చు!

లెక్క సులువే. పెద్దమ్మను అడగడం కష్టం. పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. కొడుకు హైదరాబాద్‌లో ఉంటూ నెలనెలా టీవీకి డబ్బు కడతాడు. లాక్‌డౌన్‌లో అతను ఆరు నెలలుగా ఊరికి రాలేదు. పగలంతా ఆ ఇంట్లో వినిపించే మనిషి గొంతు ఆ టీవీదే. మేము వెళ్లి చెప్పగానే ఆమె చేతిలో పని ఆపి మా ముఖాల్లోకి చూసింది.

"మొన్న మీ ఇంటిది చెడగొట్టింది మీరే గదా బిడ్డా?"

"మేమే పెద్దమ్మా."

"ఇప్పుడు నాది కూడ పీకుతా అంటున్రు."

మేము తల వంచుకున్నాం. అప్పుడు చెల్లె మా వెనక నుంచి ముందుకు వచ్చింది. ఆమె ఏమీ అడగలేదు. పెద్దమ్మే అడిగింది, "నువ్వు ఏ తరగతే?" అని. "ఐదు" అంది చెల్లె. "సదువుతున్నవా?" చెల్లె కాసేపు ఆగి, "నా పాఠం మా టీవీల రాదు పెద్దమ్మా" అంది. పెద్దమ్మ లేచి లోపలికి పోయి రిమోట్ తెచ్చి మా చేతిలో పెట్టింది. "పొద్దుగూకేసరికి నా టీవీల బొమ్మ రావాలె. రాకపోతే మీ ముగ్గుర్నీ నా కొడుకుతోని మాట్లాడిపిస్త" అంది.

ఈసారి తొందరపడలేదు. రెండు గొడుగుల స్తంభాల మీదా, కమ్మీల మీదా ముందు సున్నంతో గీతలు గీశాం. ఏది చెడినా గీతకు గీత కలిపితే పాత చోటు వచ్చేట్టు. రెండు నోళ్లున్న బుడ్డి ఒకటి రిపేరు అన్న అరువుకు ఇచ్చాడు. దాని ఒక నోటి నుంచి వైరు మా డబ్బాకు, రెండో నోటి నుంచి గోడ మీదుగా పెద్దమ్మ డబ్బాకు. మా గొడుగును తూర్పు వైపు, రిపేరు అన్న చూపిన వేలి గోరు అంత కూడా కాదు, దానిలో సగం జరిపాం. మా తెర మీద 80 చూపించే గీత 72కు వచ్చింది. గోడ అవతల పెద్దమ్మ టీవీ ముందు మాలో ఒకడు. "వచ్చిందా?" "రాలే!" "ఇప్పుడో?" హాస్టల్ డాబా గుర్తొచ్చింది. కాసేపటికి అవతలి నుంచి మావాడి గొంతు కాదు, పెద్దమ్మ గొంతే వినిపించింది. "వచ్చింది వచ్చింది! ఇగ ముట్టకున్రి!"

ఒకే గొడుగు, కదలకుండా, రెండు ఉపగ్రహాలను రెండు ఇళ్లకు తెచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకు ఆ పని ముగిసింది.

ఇక ఖాళీ అయిన గొడుగును పెద్దమ్మ డాబా మీద నైరుతికి నిలబెట్టాం. ఇక్కడ ఇంకో పాఠం నేర్చుకున్నాం. 55 డిగ్రీల ఉపగ్రహం మన దగ్గర నేల నుంచి దాదాపు 56 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తుకు గొడుగు ముఖం లేపి గంటన్నర వెతికాం. దొరకలేదు. ఇళ్ల మీద పెట్టే గొడుగులకు బుడ్డి మధ్యలో కాకుండా కింది వైపు ఉంటుంది కదా. వాటి ముఖం చూసే దిక్కు ఒకటి, అవి వినే దిక్కు ఒకటి. చూసేదానికన్నా ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తున వింటాయి. మేము గొడుగును ఆకాశంలోకి తెగ ఎత్తేశాం. దాన్ని బాగా కిందికి వంచి, ఎదురుగా ఉన్న వేపచెట్టు కొనల మీదుగా చూస్తున్నట్టు పెట్టి, ఎడమ నుంచి కుడికి వెంట్రుక వాసి చొప్పున జరిపాం. సూర్యుడు వేపచెట్టు మీదికి దిగే వేళకు సిగ్నల్ గీత లేచింది. ఛానళ్లు వెతకమని డబ్బాకు చెప్పాం. పేర్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. వాటిలో టీశాట్ విద్య.

రెండు గొడుగుల వైర్లనూ ఒక చిన్న స్విచ్‌తో కలిపి మా ఒక్క డబ్బాకు ఇచ్చాం. దాన్ని డైసెక్ స్విచ్ అంటారు. మనం ఏ ఛానల్ నొక్కితే ఆ గొడుగు వైపు అదే మారుతుంది. ఒకే సమయంలో రెండు పాఠాలు వస్తే పెద్ద పిల్లలు పెద్దమ్మ ఇంటికి పోయేవాళ్లు, ఆమె డబ్బాలో కూడా యాదగిరి ఉంది. చిన్నపిల్లలు మా అరుగు మీద.

మర్నాడు పాఠం మొదలైనప్పుడు చెల్లె నోటు పుస్తకంలో తేదీ వేసి, దాని కింద గీత కొట్టింది. బడిలో కొట్టినట్టే, స్కేలు పెట్టి. చాలా నెలల తరవాత ఆమె కొట్టిన గీత అది. మా ముగ్గురికీ ఈ మొత్తం కథలో బాగా గుర్తున్నది ఆ గీతే.

అంతా బాగా జరిగిందని గొప్పలు చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. పెద్ద వాన వస్తే మా గొడుగులో రెండు ఇళ్ల బొమ్మలూ మునుపటికన్నా ముందే ఆగిపోయేవి. నడుమకు గురి పెట్టినందుకు మేము చెల్లించిన ధర అది. పెద్దమ్మ మొదట్లో విసుక్కునేది. తరవాత తరవాత "వాన పడితే బడికి కూడ సెలవే గదా" అని పిల్లలకు పల్లీలు వేయించి పెట్టేది. టీవీ పాఠం బడికి సాటి రాదని కూడా చూశాం. తెర మీద సారుకు చెల్లె ముఖం కనబడదు, ఆమెకు అర్థం కాలేదని తెలియదు. పాఠం అయ్యాక మేము కూర్చుని మళ్లీ చెబితేనే అది ఎక్కేది. తొమ్మిది మందిలో ఇద్దరు మధ్యలోనే మళ్లీ చేలకు పోయారు. వాళ్లను మేము ఆపలేకపోయాం. 2021 ఫిబ్రవరి 1న పెద్ద తరగతులకు బడులు తెరిచిన రోజు పదో తరగతి తమ్ముడు పెట్టె సర్దుకుని హాస్టల్‌కు బయల్దేరుతూ, "అన్నా, ఆ రోజు పోయిన లెక్కల పాఠం మీరు చెప్పిందే నాకు బాగా ఎక్కింది" అన్నాడు. మమ్మల్ని ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు.

ఈ సంచిక చదివే తమ్ముళ్లు ఎవరైనా ఇట్లాంటి పని చేయబోతే మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఉన్నదాన్ని ముట్టుకునే ముందు గీత గీయండి. రెండు, రెండు ఉపగ్రహాల నడుమ ఎన్ని డిగ్రీలో ముందు లెక్క వేయండి. ఒకటి రెండు డిగ్రీలైతే ఒక్క బుడ్డి చాలు. ఆరు ఏడు నుంచి పదిహేను దాకా అయితే రెండో బుడ్డి కట్టండి. నలభై అయితే గొడుగును తిట్టకండి, రెండో గొడుగు చూసుకోండి. మూడు, డాబా మీద పనిచేసేటప్పుడు పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూసుకోండి, ఉరుములు వినబడితే వెంటనే దిగిపోండి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. హాస్టల్‌లో ఉన్నప్పుడు మేము గొడుగును ఊపేవాళ్లం, అది పనిచేసేది. అదే తెలివి అనుకున్నాం. మా వాడలో ఊపితే పిల్లవాడి పాఠం పోయింది. తెలిసి చేస్తే చెల్లె పాఠం వచ్చింది. ఆ రోజు మా మీద నమ్మకం ఉంచి రిమోట్ చేతిలో పెట్టిన పెద్దమ్మ బడి ముఖం చూడలేదు. లెక్క మాది కావచ్చు, గొడుగు మాత్రం ఆమెది. మాకు తరవాత డిగ్రీలు వచ్చాయి, పీజీలో సీటు వచ్చింది. కానీ చదివింది ఒకరికి పనికొస్తే ఎట్లా ఉంటుందో మాకు మొదట తెలిసింది ఆ డాబా మీదనే.

చెల్లె ఇప్పుడు పదో తరగతి. ఆడపిల్లల హాస్టల్‌లోనే ఉంటూ చదువుతోంది. పన్నెండో ఎక్కం అడిగితే కోప్పడుతుంది. మా గొడుగు ఈనాటికీ రెండింటి నడుమకే చూస్తూ ఉంది. సున్నపు గీతలు వానకు చెరిగిపోయాయి. మళ్లీ గీయాలి.

హాస్టల్ తమ్ముళ్లందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. జై భీమ్.